విమానయానం: అవ్వా బువ్వా రెండూ దొరుకుతాయా?

ఉత్తరాంధ్రోడు

మాది విజయనగరం జిల్లా. భోగాపురం ఎయిర్‌పోర్ట్ మాటెత్తితే మా వైపు అందరికీ సంబరమే, నాకూ సంబరమే. వరంగల్ మామునూరుకు 2025లో కేంద్రం ఓకే అంది. దేశంలో 2014లో 74 ఉన్న విమానాశ్రయాలు పదేళ్లలో 150 దాటాయి. 2024 ఒక్క ఏడాదిలో దేశం లోపలి విమానాలు ఎక్కినవాళ్లు 16 కోట్ల పైమాటే. ఇంకోపక్క, 2050 కల్లా విమానాల కాలుష్యాన్ని నెట్ జీరోకి, అంటే మిగిలినదాన్ని కూడా ఎక్కడో తీసేసి లెక్క సున్నా చేసే స్థితికి, తెస్తామని విమానయాన సంస్థల సంఘం అయాటా 2021లో ప్రకటించింది. ఆ తర్వాతి ఏడాది ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావోలో దేశాలన్నీ కూర్చుని అదే లక్ష్యం పెట్టుకున్నాయి.

నా డౌట్ సింపుల్. ఎక్కేవాళ్లు పెరుగుతూ పోవాలి, కాలుష్యం తగ్గుతూ రావాలి. నిజంగా జరిగే పనేనా, లేక మీటింగుల్లో చెప్పుకునే మాటా? "అసలు ఎక్కడమే మానేయండి" అనేవాళ్లు దయచేసి ఈ ఒక్కసారికి ఆగండి. మావాళ్లు ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నారు.

లెక్కలమాస్టారు

ముందు అంకెలు పెట్టుకుని మాట్లాడితే గొడవ తగ్గుతుంది.

మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతం దగ్గర. 2019లో అది సుమారు 100 కోట్ల టన్నులు. ఒక కిలో జెట్ ఇంధనం కాలిస్తే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం కంటే పొగ బరువెక్కువ ఎలా సార్ అని మా పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కదా, అందుకు.

అసలు సంగతి ఇది. ఒక మనిషిని ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి పట్టే ఇంధనం 1990తో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. ఇంత పొదుపు చేసిన రంగాలు తక్కువే. అయినా మొత్తం కాలుష్యం తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయింది. ఇంధనం మిగిలితే టికెట్ చౌకవుతుంది, టికెట్ చౌకైతే జనం పెరుగుతారు. కాబట్టి "కొత్త ఇంజిన్లు వస్తున్నాయి, అంతా సర్దుకుంటుంది" అంటే నేను నమ్మను. ముప్ఫై ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి.

ఇంకోటి, ఈ భారం అందరూ సమానంగా వేస్తున్నది కాదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2018లో విమానం ఎక్కినవాళ్లు ప్రపంచ జనాభాలో 11 శాతమే. ప్రయాణికుల విమానాల కాలుష్యంలో సగానికి కారణం ఒక్క శాతం మంది. మీ ఊరి నుంచి మొదటిసారి ఎక్కే ఆవిణ్ణి, వారానికి రెండుసార్లు మీటింగుకు ఎగిరే ఆయన్నీ ఒకే గాట కట్టేయకూడదు.

డల్లాస్‌సత్తి

మాస్టారూ, ఆ ఒక్క శాతంలో నన్నూ వేసేశారా ఏంటి? మేం సరదాకి తిరగట్లేదండీ. పెళ్లి, చావు, అమ్మావాళ్ల ఆరోగ్యం, ఇవే. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు, దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మళ్లీ ఎక్కాల్సిందే. నా ఒక్కడి లెక్క ఎంతవుతుందో చెప్పండి, వినేసి పడుకుంటా.

లెక్కలమాస్టారు

సత్తిగారూ, దోహా, దుబాయ్ మీదుగా ఒకవైపు 15 వేల కిలోమీటర్ల పైనే. పెద్ద విమానంలో ఎకానమీ సీటుకు వంద కిలోమీటర్లకు మూడు లీటర్ల దగ్గర పడుతుంది. రానూపోనూ ఒక్కరికి రెండు టన్నుల పైనే. సగటు భారతీయుడి పేరు మీద ఏడాది మొత్తానికి, కరెంటూ ఫ్యాక్టరీలూ బండీ అన్నీ కలిపి వచ్చేదీ ఇంచుమించు రెండు టన్నులే. బిజినెస్ క్లాసులో కాళ్లు చాపుకుని వెళ్తే, ఆ సీటు ఆక్రమించే చోటును బట్టి మూడు రెట్లు వేసుకోవాలి.

అమ్మగారిని చూడ్డానికి రావద్దని ఎవరూ అనరు. లెక్క అడిగారు, చెప్పాను.

రన్‌వే09

నేను శంషాబాద్‌లో లైన్ మెయింటెనెన్స్, అంటే విమానాల రోజువారీ తనిఖీ, మరమ్మతు. ఏ సంస్థ అనేది వదిలేయండి. పైన అందరూ 2050 గురించి మాట్లాడుతున్నారు, నేను ఈ రాత్రి షిఫ్టు సంగతి చెప్తా.

విమానం గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు లైట్లు, ఏసీ నడవడానికి తోక చివర ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది, ఏపీయూ అంటాం. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రకంలో అది గంటకు వంద కిలోల పైనే తాగుతుంది. గేటు దగ్గరే కరెంటు వైరు, చల్లగాలి గొట్టం తగిలిస్తే దాన్ని ఆపేయొచ్చు. కాగితం మీద అంతే. మే నెల మధ్యాహ్నం ఏం జరుగుతుందంటే, పసుపు గొట్టం మెలికపడి నేల మీద ఉంటుంది, గాలి సగమే లోపలికి పోతుంది, కేబిన్ ఉడికిపోతుంది, క్రూ ఏపీయూ వేయమంటారు. ఆ మెలిక తీయడానికి ఒక మనిషి చాలు. ఆ మనిషి అప్పటికి ఇంకో విమానం దగ్గర లగేజీ గొడవలో ఉంటాడు. నెట్ జీరో ప్రెజెంటేషన్లలో ఈ మనిషి జీతం ఎక్కడా కనపడదు.

రన్‌వే దాకా దొర్లుకుంటూ వెళ్లేటప్పుడు రెండు ఇంజిన్లూ నడిస్తే నిమిషానికి 10 నుంచి 12 కిలోలు పోతాయి. ఒక ఇంజిన్‌తో వెళ్లి, బయల్దేరే ముందు రెండోది స్టార్ట్ చేసే పద్ధతి ఉంది, చాలామంది పైలట్లు చేస్తారు. ఇంజిన్లే వేయకుండా లాక్కెళ్లే టాక్సీబాట్‌ను ఢిల్లీలో 2019లో ప్రయాణికులున్న ఏ320కి వాడారు. బాగుంది. కానీ ఇంజిన్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు ఎలాగూ కావాలి, కాబట్టి దూరం తక్కువున్న చోట పెద్దగా మిగలదు. ఢిల్లీ లాంటి చోట, పొగమంచులో క్యూ కట్టే చోట మిగులుతుంది.

ఇంజిన్ వాష్ గురించి బయట ఎవరికీ తెలీదు. రాత్రి ఇంజిన్ మండించకుండా స్టార్టర్‌తో తిప్పుతూ లోపలికి నీళ్లు కొడతాం. కంప్రెసర్ రెక్కల మీద పేరుకున్న దుమ్ము, ఉప్పు వదులుతాయి. వెనక నుంచి మొదట నల్లటి నీళ్లు వస్తాయి, తేటనీళ్లు వచ్చేదాకా కొడతాం. దీనివల్ల ఇంధనం ఒక శాతం దాకా ఆదా కావచ్చు. చిన్నదే, కానీ రేపటి నుంచే మిగులుతుంది.

ఇక నాకు మండేది ట్యాంకరింగ్. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు, రాష్ట్రానికో వ్యాట్. చౌకగా దొరికే ఊళ్లో తిరుగు ప్రయాణానికి కూడా నింపేస్తారు. అదనంగా ఒక టన్ను మోస్తే గంటకు 30-40 కిలోలు ఆ బరువుకే కాలిపోతుంది. ఇంధనాన్ని మోయడానికి ఇంధనం కాలుస్తున్నాం, అదీ పన్ను తేడా కోసం. సైన్స్ ఏమీ అక్కర్లేదు దీనికి, రాష్ట్రాలు కూర్చుని ఒక రేటు అనుకుంటే సగం పోతుంది.

లెక్కలమాస్టారు

@రన్‌వే09 ఇలాంటివన్నీ కలిపితే ఎంత తగ్గుతుంది బాబూ?

రన్‌వే09

నేల మీది పనులన్నీ కలిపినా కొన్ని శాతాలే మాస్టారూ. పెద్ద తేడా విమానం మారిస్తేనే. పాత ఏ320 తీసేసి దాని కొత్త రకం నియో పెడితే 15 నుంచి 20 శాతం. ఇండిగో 2023లో 500, ఎయిరిండియా అదే ఏడాది 470 ఆర్డర్ చేశాయి, అందరికీ తెలిసిందే. కానీ ఆర్డరైతే రాదు కదా. 2024 చివరికి ప్రపంచవ్యాప్తంగా డెలివరీ కావాల్సిన విమానాలు 17 వేలు. నియోల్లో వాడే ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజిన్ల లోపంతో మన దేశంలోనే డజన్లకొద్దీ కొత్త విమానాలు నేల మీద కూర్చున్నాయి. వాటి బదులు లీజుకు తెచ్చినవి ఏవి? పాతవే. పర్యావరణం కోసం తెచ్చిన ఇంజిన్ షెడ్డులో, ఎక్కువ తాగేది గాల్లో.

స్వప్న_డిస్పాచ్

నేను ఫ్లైట్ ప్లానింగ్ వైపు. @రన్‌వే09 గారు నేల మీది సంగతి చెప్పారు, నేను పైన చెప్తాను.

విమానం వంకర లేకుండా వెళ్తే, దిగేటప్పుడు మెట్లు మెట్లుగా కాకుండా ఒకే జారుగా దిగితే ఇంధనం మిగులుతుంది. విమానాలకు దారి చూపే మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ సాయంతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వాళ్ల ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం దిగింది. ఖరీదైన పరికరాలు లేని చిన్న ఊళ్లకు ఇది వరం. వాతావరణం బాగోలేక తిరిగి తిరిగి వేరే ఊరికి మళ్లించే బాధ తగ్గుతుంది. అలా మళ్లించిన ప్రతిసారీ ఇంధనం దండగే. మిలిటరీ గగనతలాన్ని ఖాళీ వేళల్లో పౌర విమానాలకు ఇవ్వడం కూడా 2020 నుంచి పెరిగింది.

కానీ ఒక్క రాజకీయ నిర్ణయం ఇవన్నీ తినేస్తుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన సంస్థలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. ఎన్ని ఇంజిన్ వాష్‌లు చేస్తే ఆ నష్టం పూడుతుందో నేను లెక్క వేయదలుచుకోలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడ అందరూ కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే మాట్లాడుతున్నారు. విమానాల వల్ల భూమి వేడెక్కడంలో అది మూడో వంతే అని 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం అంచనా. మిగతాదాంట్లో పెద్ద వాటా ఆ తెల్లటి చారలది.

ఉత్తరాంధ్రోడు

ఏ చారలండీ? ఆకాశంలో పోయేవా? చిన్నప్పుడు వాటిని చూసి "రాకెట్ పోతోంది" అని అరిచేవాళ్లం. అది పొగ కాదా?

స్వప్న_డిస్పాచ్

పొగ కాదండీ, మంచు. ఇంజిన్‌లోంచి వచ్చే నీటి ఆవిరి, మసి కణాలు ముప్ఫై, నలభై వేల అడుగుల ఎత్తులో ఉండే చలికి తగిలి గడ్డకడతాయి. గాలి పొడిగా ఉంటే చార నిమిషాల్లో మాయం. గాలిలో తేమ బాగా ఉండి, చలి కూడా బాగా ఉంటే ఆ చార పోదు. పరుచుకుని, పల్చటి మేఘంగా మారి గంటల తరబడి ఉంటుంది. పగలైతే కొంత ఎండను వెనక్కి కొడుతుంది, ఆ మేరకు చల్లదనం. రాత్రయితే అదీ లేదు, నేల మీది వేడి పైకి పోకుండా కప్పేస్తుంది. అందుకే రాత్రి విమానాల చారలు ఎక్కువ చేటు.

ఇందులో ఆశ పుట్టించే విషయం ఏంటంటే, అన్ని విమానాలూ దీనికి కారణం కాదు. జపాన్ ఆకాశం మీద చేసిన పరిశీలనలో రెండు శాతం విమానాలే చారల వేడిలో 80 శాతానికి కారణం అని తేలింది. అంటే ఆ కొన్నిటినీ కాస్త పైకో కిందికో జరిపితే చాలు. గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 2023లో 70 విమానాలతో చేసి చూశాయి. చారలు సగానికి పైగా, 54 శాతం తగ్గాయి. ఎత్తు మార్చిన విమానాలకు ఇంధనం రెండు శాతం ఎక్కువ పట్టింది. అన్ని విమానాలకూ పరిస్తే అది 0.3 శాతమే అవుతుందని వాళ్ల అంచనా.

కొత్త ఫ్యాక్టరీ అక్కర్లేదు, కొత్త ఇంజిన్ అక్కర్లేదు. కావాల్సింది తేమ ఎక్కడుందో చెప్పే మంచి వాతావరణ సమాచారం, ఎత్తు మార్చుకోనిచ్చే ఏటీసీ, అంటే విమానాలకు దారి చెప్పే కంట్రోల్ వాళ్లు. యూరప్ 2025 నుంచి ఈ కార్బనేతర ప్రభావాలను కూడా లెక్కకట్టి చూపాలని విమానసంస్థలకు నియమం పెట్టింది. నా మట్టుకు నాకు రూపాయికి అత్యధిక ఫలితం ఇచ్చే పని ఇదే అనిపిస్తుంది. మా ప్లానింగ్ స్క్రీన్ మీద మాత్రం ఇంకా ఇంధనం, టైమ్, వేరే దేశాల మీదుగా ఎగిరినందుకు కట్టే ఓవర్‌ఫ్లైట్ చార్జీలు తప్ప చారల గడి లేదు.

బెజవాడబజ్జీ

నాకు విజయవాడలో టిఫిన్ హోటలు. మీ ఇంజిన్ల సంగతి తెలీదు గానీ నా దగ్గరి నూనెతో విమానం ఎగురుతుందని ఎవరో అంటే ఈ దారం చదవడం మొదలుపెట్టా.

పునుగులు, బజ్జీలు, గారెలు వేశాక మిగిలిన నూనె చల్లారబెట్టి, గుడ్డలో వడగట్టి, ఖాళీ అయిన 15 కిలోల టిన్నుల్లోనే పోసి వెనక గుమ్మం దగ్గర పెడతాం. ఒకాయన ఆటోలో వచ్చి తూకం వేసి తీసుకెళ్తాడు. నురగ వచ్చిన నూనె, నల్లబడ్డ నూనె మళ్లీ పొయ్యి మీదికి ఎక్కకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్లు 2018 నుంచి గట్టిగా చెప్తున్నారు, నూనె కాగేకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే పారేయాలి. కానీ ఉన్నమాట చెప్పాలంటే, ఇదే నూనెను ఇంకాస్త ఎక్కువ రేటిచ్చి కొనేవాళ్లు కూడా గుమ్మంలోకి వస్తారు. వాళ్లు ఏ విమానంలోనూ పోయరు, ఏ బండి మీదో మళ్లీ బజ్జీలేస్తారు. విమానం కంపెనీ వాళ్లకంటే ఎక్కువ ఇస్తుందా? ఇస్తే నూనె మొత్తం అటే పోతుంది, జనం ఆరోగ్యం కూడా బాగుపడుతుంది.

లెక్కలమాస్టారు

@బెజవాడబజ్జీ బాబాయ్, ఈ దారం మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న మీరే వేశారు.

వాడేసిన నూనెను హైడ్రోజన్‌తో శుద్ధిచేసి జెట్ ఇంధనం చేస్తారు. సాఫ్ అని పిలుస్తున్నారు. కిలో ఇంధనానికి 1.2 కిలోల నూనె దాకా పడుతుంది. ఇప్పుడున్న ప్రమాణాల ప్రకారం మామూలు ఇంధనంలో సగం వరకు కలపొచ్చు, ఇంజిన్ మార్చక్కర్లేదు. 2023 నవంబర్‌లో వర్జిన్ అట్లాంటిక్ లండన్ నుంచి న్యూయార్క్‌కు ప్రత్యేక అనుమతితో పూర్తిగా ఈ ఇంధనం మీదే వెళ్లింది. మన దగ్గర ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి 2025లో ఇలా వాడిన నూనెతో చేసే ఇంధనానికి అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. ఏడాదికి 35 వేల టన్నులు చేస్తామంటున్నారు. మన లక్ష్యం అంతర్జాతీయ విమానాలకు 2027లో ఒక శాతం, 2028లో రెండు, 2030లో అయిదు. యూరప్ 2025లో రెండు శాతంతో మొదలుపెట్టి 2050కి 70 శాతం అంటోంది.

ఇప్పుడు అసలు స్థితి. 2024లో ప్రపంచమంతా కలిపి తయారైన సాఫ్ పది లక్షల టన్నులు, మొత్తం జెట్ ఇంధనంలో 0.3 శాతం. ధర మామూలు దానికి రెండు నుంచి అయిదు రెట్లు. మన దేశం ఏడాదికి తాగే విమాన ఇంధనమే 90 లక్షల టన్నుల దాకా. దేశంలోని బజ్జీ బండ్లన్నీ ఏకమైనా ఆ ట్యాంకు నిండదు. పైగా మన నూనె కోసం యూరప్ కొనుగోలుదారులు కూడా కాచుకుని ఉన్నారు. రేటు పెరిగితే ఇంకో చిక్కు: కొత్త పామాయిల్‌నే వాడిన నూనెగా చూపించి అమ్మేస్తున్నారన్న అనుమానం యూరప్‌లో చాలాకాలంగా ఉంది. మీ వెనక గుమ్మం దగ్గర తూకం వేసేవాడి చిట్టా నమ్మకంగా ఉంటేనే ఆ పైన ఎగిరే విమానం పచ్చది అవుతుంది.

నిర్మల్‌రైతు

నూనె సాలకపోతే ఏం జేస్తరు? ఇథనాల్ అంటరు. ఆ ముచ్చట మాకు ఎరుకే. దిలావర్‌పూర్‌ల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబర్‌ల జనం రోడ్డు మీద కూసున్నరు, ఆఖరికి పని ఆపిచ్చిన్రు. నీళ్లు గుంజుతది, వాసనొస్తది, పంట పోతదని మా భయం. పెట్రోల్‌ల కలుపుడు కోసమే మక్కలు గింత పోతున్నయి, కోళ్లఫారాలోళ్లు దాణా పిరమైందని మొత్తుకుంటున్నరు. మక్కలకు రేటొస్తే మాకు మంచిదే, కాదనను. గని ఇప్పుడు విమానాలు గూడ మక్కల మీద పడితే తినేటోళ్లకేం మిగులుతది? ఇంతకుముందు జట్రోఫా పెట్టున్రి, డీజిల్ చెట్టు, కోటీశ్వరులైతరు అని ఊర్ల పొంటి తిరిగిన్రు. ఎవరయిన్రు?

లెక్కలమాస్టారు

అన్నా, మీ భయంలో తప్పు లేదు. లీటరు జెట్ ఇంధనానికి లీటరున్నర పైనే ఇథనాల్ కావాలి. చెరకు, వడ్లు, మక్కలతో దేశం అవసరం తీర్చాలనుకుంటే భూమీ చాలదు, నీళ్లూ చాలవు. జట్రోఫా కూడా గుర్తుంది. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఒక ఇంజిన్‌లో 25 శాతం జట్రోఫా ఇంధనం కలిపి ఎగిరింది. ఫొటోలు బాగా వచ్చాయి. ఆ తర్వాత రోజూ ఎగిరేంత గింజ ఎక్కడా పండలేదు. గడ్డి, పత్తి కట్టె, ఊరి చెత్త లాంటివాటితో చేస్తే నాకు అభ్యంతరం లేదు. తిండిగింజతో చేస్తే, మీతో పాటు నేనూ రోడ్డు మీద కూర్చుంటా.

హైడ్రోజన్‌హరి

ఎవరూ కరెంటు విమానం ఎత్తలేదేంటి?

రన్‌వే09

ఎత్తితే లేవదు కాబట్టి 🙂 కిలో జెట్ ఇంధనంలో 12 యూనిట్ల శక్తి ఉంటుంది, కిలో బ్యాటరీలో పావు యూనిట్. మోటారు ఎంత బాగా పనిచేసినా ఆ తేడా పూడదు. పైగా ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ బరువు దిగేదాకా అంతే. పది, ఇరవై సీట్లతో కాస్త దూరం, అంతవరకు సరే. హైడ్రోజన్ విమానం 2035కి అని ఎయిర్‌బస్ 2020లో ప్రకటించింది, 2025లో వెనక్కి జరిపింది.

నీ పేరుకు తగ్గ కబురు ఒకటుంది గానీ హరీ. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. అక్కడ చేస్తామన్న వాటి జాబితాలో విమాన ఇంధనం కూడా ఉంది. సోలార్, గాలి కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి, కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి ఇంధనం చేయడం. పొలం అడగదు, మక్కలు అడగదు. కరెంటు మాత్రం విపరీతంగా అడుగుతుంది, చేతికొచ్చే ఇంధనంలో ఉన్న శక్తికి రెట్టింపు పైనే పెట్టాలి. ఖర్చు ఇంకా ఆకాశంలోనే ఉంది.

రైలుపిచ్చోడు

వచ్చేశా. ఇంతసేపు నన్నెవరూ పిలవకపోవడం అన్యాయం.

సికింద్రాబాద్ – విశాఖ వందే భారత్ 2023 జనవరి నుంచి నడుస్తోంది, ఎనిమిదిన్నర గంటలు. దారి పొడవునా కరెంటు. నా ముతక లెక్క ప్రకారం నిండా జనంతో వెళ్తే మనిషికి పది కిలోల కార్బన్ దగ్గర పడుతుంది, అదీ మన బొగ్గు కరెంటుతో. అదే దారిలో ఏ320లో అయితే 45 కిలోల చుట్టూ. బొగ్గు తగ్గి సోలార్ పెరిగేకొద్దీ రైలు లెక్క దానంతటదే దిగుతుంది, విమానానిది దిగదు. ఫ్రాన్స్‌లో రెండున్నర గంటల్లో రైల్లో వెళ్లగలిగే చోటికి విమానం వద్దని 2023లో చట్టం చేశారు. మనం ఎందుకు చేయం?

డల్లాస్‌సత్తి

బ్రదర్, ఫ్రాన్స్ చట్టంతో ఆగింది మూడే రూట్లు, పారిస్ ఓర్లీ నుంచి బోర్డో, నాంత్, లియాన్. మన దగ్గర రెండున్నర గంటల్లో చేరే రైలెక్కడుంది? ముందు రైలు తెచ్చాక నిషేధం మాట్లాడుదాం. శంషాబాద్‌లో దిగి విజయవాడ వెళ్లేవాడికి సికింద్రాబాద్ స్టేషన్‌కు క్యాబ్‌లో పోయి రైలు పట్టుకోమంటే, ఆ టెన్షన్ కంటే ఏటీఆర్ ఎక్కడం నయం అనుకుంటాడు. నేనూ అంతే.

స్వప్న_డిస్పాచ్

ఏటీఆర్‌ను తక్కువ చూడకండి. రెక్కల ముందు పంకాలుండే ఆ విమానం దగ్గరి దూరాలకు జెట్ కంటే చాలా తక్కువ తాగుతుంది. పైగా అంత ఎత్తుకు వెళ్లదు, కాబట్టి చారల గొడవ దాదాపు లేదు. 2017లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే కడప – హైదరాబాద్ నడిచింది ఇలాంటి విమానమే. "చిన్న విమానం, ఊగుతుంది" అని జనం మొహం తిప్పుకుంటారు, అదొక్కటే సమస్య. కడప, కర్నూలు లాంటి ఊళ్లకు పెరుగుదల ఏటీఆర్ మీద రావాలి, విజయవాడకు రైలు మీద రావాలి, జెట్‌లు దూరాలకే ఉండాలి. నాకు తోచిన పంపకం ఇది.

లెక్కలమాస్టారు

పంపకం బాగుందమ్మా. డబ్బు ఎవరు పెడతారు అనేదే నా పేచీ.

కోర్సియా అని ఒక అంతర్జాతీయ ఏర్పాటు ఉంది. 2019 కాలుష్యంలో 85 శాతాన్ని గీతగా పెట్టి, ఆ పైన పెరిగినదానికి విమానసంస్థలు కార్బన్ క్రెడిట్లు కొనాలి. మన దేశం 2027 నుంచి అందులోకి వస్తుంది. అది అంతర్జాతీయ విమానాలకే, దేశంలోపలి 16 కోట్ల మందికి వర్తించదు. క్రెడిట్ కొనడమంటే ఎక్కడో అడవి కాపాడినందుకు డబ్బు కట్టి ఇక్కడ ఇంధనం కాల్చడమే. నాకు అది చదువుకోకుండా ట్యూషన్ ఫీజు కట్టినట్టు అనిపిస్తుంది.

సింగపూర్ దారి నాకు నచ్చింది. టికెట్ మీద దూరాన్ని బట్టి, తరగతిని బట్టి పచ్చ ఇంధనానికి చిన్న రుసుము వేస్తామని 2024లో ప్రకటించారు. మనమూ అలాంటిదే పెట్టాలి. కడప నుంచి హైదరాబాద్ వెళ్లే ఎకానమీ సీటుకు సున్నా. బిజినెస్ క్లాసుకు, ఏడాదిలో నాలుగైదుసార్లు మించి ఎగిరేవాళ్లకు, ప్రైవేటు జెట్‌లకు గట్టిగా. ఆ డబ్బు బడ్జెట్‌లో కలిసిపోకుండా, బజ్జీ బాబాయ్ నూనెకు రేటు పెంచడానికీ, పూడిమడక లాంటి వాటికీ పోవాలి. అప్పుడు పెరుగుదలను నేను అడ్డుకోను. పెరిగేవాళ్ల ఖర్చును ఎప్పుడూ ఎక్కనివాళ్ల మీద రుద్దడమే నాకు ఒప్పుదల కాదు.

డల్లాస్‌సత్తి

డల్లాస్ టికెట్ మీద నాలుగైదు వేలు అదనంగా పడితే కడతా మాస్టారూ. సీజన్‌లో టికెట్ లక్షన్నర చేసినప్పుడు కడుతున్నాం కదా. కాకపోతే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఏటా ఒక కాగితం చూపించాలి.

ఉత్తరాంధ్రోడు

అందరికీ థాంక్స్. మరి మా భోగాపురం విషయంలో మావాళ్లు ఏం అడగాలి? కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మా శ్రీకాకుళం ఎంపీనే, కాగితం రాస్తే చేరకపోదు. కప్పు మీద సోలార్ పలకలు పెట్టమని అడిగితే సరిపోతుందా? కొచ్చి 2015 నుంచే పూర్తిగా సోలార్ అంటున్నారు.

రన్‌వే09

సోలార్ పెట్టమనండి, మంచిదే. కాకపోతే "కార్బన్ న్యూట్రల్ ఎయిర్‌పోర్ట్" అనే బోర్డు చూసి మురిసిపోవద్దు. ఆ లెక్కలో టెర్మినల్ లైట్లు, ఏసీలు, సొంత బండ్లే ఉంటాయి. విమానం ట్యాంకులోది అందులోకి రాదు, అసలు పొగంతా అక్కడే.

నేనైతే రాసేవి: ప్రతి గేటుకూ కరెంటు, మే నెల ఎండకు సరిపడే చల్లగాలి, అది తగిలించే మనుషులు. నేల మీద తిరిగే ట్రాక్టర్లు, బస్సులు మొదటి రోజు నుంచే ఎలక్ట్రిక్. సాఫ్ కలిపే ట్యాంకుకు చోటు ఇప్పుడే వదలడం, తర్వాత తవ్వితే పదింతలు ఖర్చు.

రైలుపిచ్చోడు

అన్నిటికంటే ముందు విశాఖ నుంచి అక్కడికి ఎలా వెళ్తారో అడగండి. ఇప్పుడున్న ఎయిర్‌పోర్ట్ ఊళ్లోనే ఉంది, ఆటోలో పోవచ్చు. భోగాపురం దాదాపు యాభై కిలోమీటర్లు. మనిషికో క్యాబ్ రానూపోనూ తిరిగితే, డీజిల్ బండి ఒక్కటే ఇరవై కిలోల కార్బన్ దాకా లేపుతుంది, హైదరాబాద్ విమానంలో అతని వాటాలో అది దాదాపు సగం. మెట్రో సంగతి దేవుడెరుగు. శంషాబాద్‌కు నడిచే పుష్పక్ బస్సుల్లాంటివి, ఎలక్ట్రిక్‌వి, తెల్లవారుజాము విమానాలకు కూడా అందేలా.

ఉత్తరాంధ్రోడు

విజయనగరం నుంచి కూడా ఒక బస్సు రాయండి బాబూ. అందరూ విశాఖ వాళ్లే ఎక్కుతారనుకుంటారు.